భాగం 6: గాలిలోని కణాలు – నేలను చేరే సూర్యరశ్మి

6.0 లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తరువాత మీరు గాలిలో తేలే కణాలు సూర్యకాంతిని ఏయే విధాలుగా తగ్గిస్తాయో వివరించగలుగుతారు. ప్రత్యక్ష కాంతికీ విసరిత కాంతికీ తేడా చెప్పగలుగుతారు. నేల దగ్గర కొలిచిన కాలుష్యానికీ ఆకాశం మసకబారడానికీ ఎప్పుడూ ఒకే లెక్క ఎందుకు కుదరదో అర్థం చేసుకుంటారు. చివర ఇచ్చిన ప్రయోగాన్ని మీ ఇంటి డాబా మీదే చేయగలుగుతారు.

6.1 పరిచయం

జనవరి నెలలో ఒక ఉదయం ఎనిమిది గంటలకు మీరు ఉప్పల్ చౌరస్తాలో బస్సెక్కి వరంగల్ రహదారి మీద బోడుప్పల్, మేడిపల్లి, నారపల్లి దాటి పోచారం దాకా వెళ్తున్నారనుకోండి. మబ్బు ఒక్కటీ ఉండదు. అయినా ఆకాశం నీలంగా కనిపించదు. అడుగు భాగమంతా పాలు కలిపిన నీళ్లలా ఉంటుంది. సూర్యుడు ఉంటాడు, నీడలు కూడా పడతాయి, కానీ నీడల అంచులు మెత్తగా ఉంటాయి. అదే దారిలో ఆగస్టులో ఒక మంచి వాన వెలిసిన మరునాడు వెళ్తే ఆకాశం కడిగిన పళ్లెంలా, నీడలు గీత గీసినట్టు ఉంటాయి.

ఈ రెండు ఉదయాలకూ మధ్య ఉన్న తేడాలో పెద్ద పాలు గాలిలోని కణాలదే. గాలిలో తేలుతూ ఉండే ఘన, ద్రవ కణాలన్నింటినీ కలిపి ఏరోసాళ్లు అంటారు. రోడ్డు దుమ్ము, లారీ పొగలోని మసి, కట్టెల పొయ్యి పొగ, చెత్త తగలబెట్టిన పొగ, కర్మాగారాల నుంచి వెలువడిన సల్ఫర్ డయాక్సైడ్ గాలిలో మార్పు చెంది ఏర్పడే సల్ఫేట్ కణాలు, సముద్రపు ఉప్పు, పుప్పొడి ఇవన్నీ ఏరోసాళ్లే.

ఈ పాఠంలో మనం అడగబోయే ప్రశ్న సూటిగా ఇది: ఆకాశం తెల్లబడినప్పుడు నేలకు చేరే ఎండ నిజంగా తగ్గుతుందా? తగ్గితే ఎంత? చాలామంది విద్యార్థులు దీనికి "చాలా తగ్గుతుంది" అని జవాబు రాస్తారు. అది సగం నిజం. మిగిలిన సగం 6.5లో వస్తుంది. ఈ పాఠంలో అన్నిటికంటే శ్రద్ధగా చదవవలసింది అదే.

6.2 పైనుంచి వచ్చేది ఎంత?

భూమి వాతావరణం పై అంచున, సూర్యకిరణాలకు లంబంగా ఉంచిన ఒక చదరపు మీటరు మీద సుమారు 1361 వాట్ల శక్తి పడుతుంది. దీన్ని సౌర స్థిరాంకం అంటారు. నేలను చేరేలోపు ఇందులో కొంత వాయు అణువుల వల్ల, నీటి ఆవిరి, ఓజోన్ వల్ల, మబ్బుల వల్ల, కణాల వల్ల తగ్గుతుంది.

తగ్గుదల కాంతి గాలిలో ఎంత దూరం ప్రయాణించిందన్న దానిపై ఆధారపడుతుంది. సూర్యుడు నడినెత్తిన ఉంటే ఆ దారి అతి చిన్నది. దాన్ని 1 అనుకుందాం. సూర్యుడు వాలిన కొద్దీ దారి పెరుగుతుంది. దీన్ని కొలవడానికి ఏ పరికరమూ అక్కరలేదు. ఒక మీటరు కర్రను నిటారుగా నిలబెట్టి నీడను కొలవండి. కర్ర కొన నుంచి నీడ కొన దాకా ఉన్న ఏటవాలు దూరాన్ని కర్ర ఎత్తుతో భాగిస్తే వచ్చేదే దారి కొలత. దీన్ని వాయు పరిమాణం అంటారు. నీడ 1.73 మీటర్లు ఉంటే ఏటవాలు దూరం 2 మీటర్లు, కాబట్టి వాయు పరిమాణం 2. అప్పుడు సూర్యుడు దిగంతం నుంచి 30 డిగ్రీల ఎత్తులో ఉన్నాడని అర్థం. (సూర్యుడు దిగంతానికి మరీ దగ్గరగా ఉన్నప్పుడు భూమి గుండ్రదనం వల్ల ఈ లెక్క పనిచేయదు. 10 డిగ్రీలకు పైన ఉంటే చాలు.)

ఉప్పల్, నాచారం, పోచారం ప్రాంతం సుమారు 17.4 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. ఇక్కడ సూర్యుడు ఏడాదిలో రెండుసార్లు, మే రెండో వారం మొదట్లో ఒకసారి, ఆగస్టు మొదటి వారంలో మరోసారి, సరిగ్గా నడినెత్తికి వస్తాడు. ఆ రోజు మధ్యాహ్నం నిటారు స్తంభానికి నీడ ఉండదు. డిసెంబరు 21న మాత్రం మిట్టమధ్యాహ్నం కూడా సూర్యుడు సుమారు 49 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు. మీటరు కర్రకు 86 సెంటీమీటర్ల నీడ పడుతుంది, వాయు పరిమాణం 1.32 అవుతుంది. కణాలు అంతే ఉన్నా చలికాలంలో అవి ఎక్కువ పని చేయడానికి ఇది ఒక కారణం.

6.3 కాంతికి కణం ఏం చేస్తుంది?

రెండే పనులు చేస్తుంది. ఒకటి, తన మీద పడిన కాంతిని దారి తప్పించి వేరే దిక్కులకు పంపుతుంది, ఇది పరిక్షేపణం. రెండు, కాంతిని తనలో ఇముడ్చుకుని వేడిగా మారుస్తుంది, ఇది శోషణం. సల్ఫేట్, ఉప్పు కణాలు దాదాపు మొదటి పనే చేస్తాయి. మసి రెండో పనిలో దిట్ట. మట్టి ధూళి ఎక్కువగా మొదటిది, కొద్దిగా రెండోది.

కాంతి తరంగదైర్ఘ్యం కంటే చాలా చిన్నవైన వాయు అణువుల పరిక్షేపణాన్ని 1871లో రేలీ వివరించాడు. అది తరంగదైర్ఘ్యపు నాలుగో ఘాతానికి విలోమంగా ఉంటుంది. నీలి కాంతి 0.45 మైక్రోమీటర్లు, ఎర్ర కాంతి 0.65 మైక్రోమీటర్లు అనుకుంటే నీలం ఎరుపు కంటే సుమారు 4.3 రెట్లు ఎక్కువగా పరిక్షేపణం చెందుతుంది. ఆకాశం నీలంగా ఉండేది అందుకే. తరంగదైర్ఘ్యంతో పోల్చదగిన సైజు గల గోళాకార కణాలకు 1908లో గుస్తావ్ మీ లెక్క కట్టాడు. కణం పెద్దదైన కొద్దీ రంగుల మధ్య పక్షపాతం తగ్గిపోతుంది. అన్ని రంగులూ ఇంచుమించు సమానంగా చెదురుతాయి. అన్ని రంగులూ కలిస్తే తెలుపే కదా. కాబట్టి ఆకాశంలో నీలం ఎక్కడికీ పోలేదు, దాని మీద తెలుపు వచ్చి పరుచుకుంది.

పరిక్షేపణ శాస్త్రంతో మన ప్రాంతానికి దగ్గర సంబంధమే ఉంది. నిజాం కళాశాలలో చదివిన సూరి భగవంతం సి.వి. రామన్ వద్ద పరిశోధన చేసి, వాల్తేరులో ఆంధ్ర విశ్వవిద్యాలయ ఆచార్యుడిగా ఉండగా కాంతి పరిక్షేపణం మీద ప్రామాణిక గ్రంథం రాశారు. తరువాత ఉస్మానియా విశ్వవిద్యాలయానికి ఉపకులపతి అయ్యారు.

సైజును బట్టి రంగు మారడాన్ని చూడడానికి ప్రయోగశాల అవసరం లేదు. బీడీ కొస నుంచి లేచే పొగ నల్లటి గోడ ముందు నీలంగా కనిపిస్తుంది. అవి చాలా చిన్న కణాలు. అదే పొగ మనిషి పీల్చి వదిలితే తెల్లగా వస్తుంది, ఎందుకంటే ఊపిరిలోని తేమను పట్టుకుని కణాలు ఉబ్బుతాయి. (దీన్ని మీరు తాగి పరీక్షించనక్కరలేదు. అగరుబత్తి పొగలో మొదటి సగం చాలు.) చలికాలపు తెల్లవారుజామున జరిగేది కూడా ఇదే. తేమ పెరిగిన కొద్దీ సల్ఫేట్ వంటి కణాలు నీటిని పీల్చుకుని ఉబ్బుతాయి, ఒక్క కొత్త కణమూ చేరకుండానే ఆకాశం తెల్లబడుతుంది. పదింటికి ఎండెక్కి తేమ తగ్గితే కొంత తేట పడుతుంది.

కణాలన్నీ దాదాపు ఒకే సైజులో ఉంటే ఇంకా వింతలు జరుగుతాయి. 1883 ఆగస్టులో ఇండోనేషియాలోని క్రకటోవా అగ్నిపర్వతం పేలిన తరువాత, సెప్టెంబరులో మద్రాసులో సూర్యుడు ఆకుపచ్చగా కనిపించాడని అక్కడి పరిశీలకులు నమోదు చేశారు.

6.4 చిన్న కణమే పెద్ద అడ్డు

ఉప్పల్ నుంచి నారపల్లి వరకు ఎత్తైన వంతెన మార్గం పనులు 2018లో మొదలయ్యాయి. ఏళ్ల తరబడి సాగిన ఆ పనుల వల్ల తవ్విన రోడ్డు, దాని దుమ్ము ఈ దారిన వెళ్లే ప్రతివారికీ తెలుసు. ఆకాశం తెల్లగా ఉండడానికి కారణం ఆ దుమ్మేనని చాలామంది అనుకుంటారు. కానీ లెక్క వేస్తే వేరే సంగతి బయటపడుతుంది.

కంటికి కనిపించే రోడ్డు దుమ్ము రేణువు 50 మైక్రోమీటర్లో, ఇంకా ఎక్కువో ఉంటుంది. మనిషి వెంట్రుక మందం సుమారు 70 మైక్రోమీటర్లు. అలాంటి రేణువు బస్సు చక్రం లేపిన ఎత్తు నుంచి నిమిషంలోపే కింద పడుతుంది. అర మైక్రోమీటరు పొగ కణం నిశ్చలమైన గాలిలో ఒక మీటరు దిగడానికి ఒక రోజు పైనే పడుతుంది. గాలి ఎప్పుడూ నిశ్చలంగా ఉండదు కాబట్టి అది వాన వచ్చేదాకా దిగనే దిగదు.

ఇంకొకటి. 5 మైక్రోమీటర్ల రేణువు ఒకదాన్ని అర మైక్రోమీటరు ముక్కలుగా చేశారనుకోండి. వెయ్యి ముక్కలు వస్తాయి. ఒక్కో ముక్క అడ్డుకొలత వైశాల్యం మొదటిదానిలో వందో వంతు. వెయ్యిని వందతో భాగిస్తే పది. అంటే అదే బరువు పదార్థం పది రెట్ల వైశాల్యంతో కాంతికి అడ్డు నిలుస్తుంది. పైగా అర మైక్రోమీటరు అంటే దృశ్యకాంతి తరంగదైర్ఘ్యానికి (0.4 నుంచి 0.7 మైక్రోమీటర్లు) సరిసమానమైన సైజు, కాంతిని చెదరగొట్టడంలో అతి చురుకైన కణాలు ఈ సైజులోనివే. ఊపిరితిత్తుల లోతుకు దిగేవి కూడా ఇవే.

కనుక కళ్లలో పడి మంట పెట్టే దుమ్ముకు తిట్లు ఎక్కువ, ఎండను నిజంగా ఆపే పొగకు తిట్లు తక్కువ. నా ఉద్దేశంలో ఇది అన్యాయమే. నీళ్ల ట్యాంకరుతో రోడ్డు తడిపితే మొదటిది తగ్గుతుంది. రెండోది తగ్గాలంటే డీజిల్ ఇంజన్లు, చెత్త మంటలు, కట్టెల పొయ్యిలు, పరిశ్రమల గొట్టాల జోలికి పోవాలి.

6.5 ఎంత తగ్గుతుంది? ఒక లెక్క, దానికి ఒక సవరణ

నేల నుంచి వాతావరణం పై అంచు దాకా ఉన్న నిలువు గాలి స్తంభంలో కణాలు కాంతిని ఎంత అడ్డుకుంటాయో చెప్పే సంఖ్యను ఆప్టికల్ డెప్త్ అంటారు. దీనికి ప్రమాణం లేదు, ఉత్త సంఖ్య. 0.1 అంటే శుభ్రమైన ఆకాశం, 0.5 అంటే స్పష్టంగా మసక, 1 అంటే దట్టమైన మసక. ప్రత్యక్ష కిరణం ఈ సంఖ్యను బట్టి ఘాతీయంగా తగ్గుతుంది. ఆప్టికల్ డెప్త్‌ను వాయు పరిమాణంతో గుణించి, ఆ లబ్ధానికి రుణ గుర్తు పెట్టి, సహజ సంవర్గమానపు ఆధారమైన 2.718కి ఘాతంగా తీసుకుంటే మిగిలిన భాగం వస్తుంది. (అణువులు, ఆవిరి వల్ల తగ్గేదాన్ని ఇక్కడ పక్కన పెడుతున్నాం.)

ఆప్టికల్ డెప్త్ 0.1: నడినెత్తి సూర్యుడికి 90 శాతం మిగులుతుంది, వాయు పరిమాణం 2 అయితే 82 శాతం.
ఆప్టికల్ డెప్త్ 0.3: 74 శాతం; 55 శాతం.
ఆప్టికల్ డెప్త్ 0.5: 61 శాతం, 37 శాతం.
ఆప్టికల్ డెప్త్ 0.8: 45 శాతం, 20 శాతం.
ఆప్టికల్ డెప్త్ 1.0: 37 శాతం, 14 శాతం.

ఆప్టికల్ డెప్త్ 0.5 ఉన్న మధ్యాహ్నం ఎండ 39 శాతం తగ్గిపోయిందా? అంత తగ్గితే మనకు తెలియకుండా ఉంటుందా? ఇక్కడే సవరణ కావాలి. పట్టికలో ఉన్నది సూర్యబింబం నుంచి సూటిగా వచ్చే ప్రత్యక్ష కాంతి మాత్రమే. దారి తప్పిన కాంతి మాయమైపోలేదు. అందులో ఎక్కువ భాగం ఆకాశం నలుమూలల నుంచి మళ్లీ నేలకే వస్తుంది. దీన్ని విసరిత కాంతి అంటారు. ఆకాశాన్ని తెల్లగా మెరిపించేది అదే.

లెక్క ఇలా వేద్దాం. పైనుంచి 100 పాళ్లు వచ్చాయి. 39 పాళ్లు కణాలకు తగిలాయి. అలా తగిలిన ప్రతి 10 పాళ్లలో 9 చెదిరాయి, 1 శోషణమైంది అనుకుందాం; మసి కలిసిన పట్టణపు గాలికి ఇది సబబైన ఊహ. అంటే శోషణమైంది సుమారు 4 పాళ్లు, చెదిరింది 35 పాళ్లు. ఈ సైజు కణాలు కాంతిని ఎక్కువగా ముందు దిక్కుకే చెదరగొడతాయి. వెనక్కి, అంటే ఆకాశంలోకి తిరిగిపోయేది చెదిరినదానిలో 15 శాతం అనుకుంటే అది 5 పాళ్లు. మిగతా 30 పాళ్లు విసరిత కాంతిగా నేలకు చేరతాయి. కాబట్టి నేల నిజంగా కోల్పోయింది 39 కాదు, 4 కూడిక 5, అంటే దాదాపు 9 పాళ్లు.

ఈ రెండు సంఖ్యలనూ పక్కపక్కన ఉంచి చూడండి. ప్రత్యక్ష కాంతి 39 శాతం పడిపోయింది, మొత్తం కాంతి 9 శాతమే తగ్గింది. వార్తల్లో "సూర్యరశ్మి ఇంత శాతం తగ్గింది" అని చదివినప్పుడు ఏ కాంతి గురించి చెప్తున్నారో ముందు అడగాలి. 9 శాతం అంటే తేలిక కూడా కాదు. నేల మీద ప్రతి చదరపు మీటరుకు పదుల వాట్లు తగ్గినట్టే.

కణాలు ముందుకే ఎక్కువ చెదరగొడతాయన్నది కూడా మీరే చూడవచ్చు. మసక ఉన్న రోజున సూర్యబింబాన్ని ఒక నీళ్ల ట్యాంకు అంచు పూర్తిగా కప్పేలా నీడలో నిలబడి, ట్యాంకు చుట్టూ ఉన్న ఆకాశాన్ని గమనించండి. కళ్లు చెదిరేంత తెల్లగా ఉంటుంది. వెనక్కి తిరిగి అదే ఎత్తులో చూడండి, అక్కడ కాస్త నీలం మిగిలి ఉంటుంది. సూర్యుడిని మాత్రం నేరుగా ఎప్పుడూ చూడకూడదు, మసక ఉన్నప్పుడు కూడా.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 1
ఆప్టికల్ డెప్త్ 0.3, వాయు పరిమాణం 2 ఉన్నప్పుడు ప్రత్యక్ష కాంతిలో కణాలకు తగిలేది ఎంత శాతం? అందులో పదో వంతు శోషణమైతే ఎంత?
(జవాబు: 45 శాతం, 4.5 శాతం.)

6.6 నేల దగ్గర గాలి, నిలువు గాలి స్తంభం

నాచారం పారిశ్రామికవాడలో కాలుష్య నియంత్రణ మండలి నిరంతర గాలి నాణ్యత కేంద్రం ఉంది. అది ఘనపు మీటరు గాలిలో ఎన్ని మైక్రోగ్రాముల కణాలున్నాయో చెబుతుంది. 2.5 మైక్రోమీటర్ల కంటే చిన్న కణాలకు, అంటే పీఎం 2.5కు, మన దేశం 2009లో పెట్టుకున్న పరిమితి 24 గంటల సగటుకు 60 మైక్రోగ్రాములు, వార్షిక సగటుకు 40. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సూచించినవి 15, 5. ఆరోగ్యానికి ముఖ్యమైన కొలత ఇదే, ఎందుకంటే మనం పీల్చేది నేల దగ్గరి గాలి.

కానీ సూర్యకాంతి నేల దగ్గరి గాలిని మాత్రమే దాటి రాదు, మొత్తం స్తంభాన్ని దాటుతుంది. చలికాలపు ఉదయం నేల చల్లగా ఉండి గాలి పైకి కలగదు. పొగంతా కొన్ని వందల మీటర్ల పొరలోనే చిక్కుకుంటుంది. ఏప్రిల్ మధ్యాహ్నం నేల కాలి గాలి రెండు మూడు కిలోమీటర్ల దాకా కలగాపులగం అవుతుంది. ఉదాహరణకు చలిపొద్దున ఘనపు మీటరుకు 60 మైక్రోగ్రాములు 500 మీటర్ల ఎత్తు దాకా ఉన్నాయనుకోండి. ఒక చదరపు మీటరు నేల మీద నిలిచిన స్తంభంలో మొత్తం 30 మిల్లీగ్రాములు. ఏప్రిల్లో 40 మైక్రోగ్రాములే, కానీ 2000 మీటర్ల దాకా ఉంటే 80 మిల్లీగ్రాములు. నాచారం కేంద్రంలో అంకె తగ్గింది, కాంతికి అడ్డు మాత్రం రెండున్నర రెట్లకు పైగా పెరిగింది. గాలి నాణ్యత సూచీ బాగున్న రోజున కూడా ఆకాశం తెల్లగా ఉండడానికి కారణం ఇదే. అది యంత్రం తప్పు కాదు.

మార్చి, ఏప్రిల్ నెలల్లో దక్కనులో పంట మోళ్లు తగలబెడతారు, అడవుల్లో నిప్పు రేగుతుంది. ఏప్రిల్ నుంచి జూన్ దాకా థార్ ఎడారి నుంచి, ఇంకా పడమర నుంచి మట్టి ధూళి పై గాలుల్లో వస్తుంది. అంటే పోచారం మీద ఉన్న మసకంతా పోచారం చేసుకున్నది కాదు. 2020 మార్చి 25న లాక్‌డౌన్ మొదలైనప్పుడు ఇది బాగా తేలింది. ఉత్తర భారతంలో ఏరోసాళ్లు ఆ కాలానికి ఇరవై ఏళ్లలో లేనంత తక్కువకు పడిపోయాయని నాసా ఉపగ్రహ కొలతలు చూపాయి. దక్షిణాన మాత్రం ఆ తొలి వారాల్లో అలాంటి తగ్గుదల కనిపించలేదు. బళ్లు ఆగినా మంటలూ గాలివాటమూ ఆగలేదు.

తరువాత వానాకాలం. చినుకు కణాలను కడిగేస్తుంది. ఆగస్టులో మబ్బు విడిన గంటల్లో కనిపించే నీలం ఏడాదిలో మరెప్పుడూ కనిపించదు.

6.7 మసి తన ఇల్లు తానే కట్టుకుంటుందా?

నాచారానికి ఉత్తరాన, ఈసీఐఎల్ ప్రాంతంలో టాటా మౌలిక పరిశోధన సంస్థ వారి బెలూన్ కేంద్రం ఉంది. పరికరాలను కట్టిన భారీ బెలూన్లను అక్కడి నుంచి పైకి వదులుతారు. 2010 మార్చిలో ఇస్రో శాస్త్రజ్ఞులు అలాంటి ఒక బెలూన్‌తో మసిని కొలిచే పరికరాన్ని పంపారు. మసి నేల దగ్గర ఎక్కువగా ఉండి ఎత్తుకు పోయిన కొద్దీ తగ్గుతూ పోవాలని ఎవరైనా అనుకుంటారు. కానీ సుమారు నాలుగున్నర కిలోమీటర్ల ఎత్తున ఒకసారి, ఎనిమిది కిలోమీటర్ల పైన మరోసారి మసి పెరిగి కనిపించింది.

వారు సూచించిన వివరణ ఆసక్తికరమైనది. మసి సూర్యకాంతిని శోషించి తన చుట్టూ ఉన్న గాలిని వేడెక్కిస్తుంది. వేడెక్కిన గాలి మసిని పైకి మోస్తుంది. మామూలుగా ఎత్తుకు పోయిన కొద్దీ గాలి చల్లబడాలి. మసి పొర వల్ల ఆ చల్లబడే తీరు తగ్గి అక్కడ స్థిరమైన పొర ఏర్పడుతుంది. ఆ పొర కింద, లోపల మసి మరింతకాలం నిలుస్తుంది. మసి తన ఇల్లు తానే కట్టుకుంటుందా అన్నది ఆ పరిశోధన లేవనెత్తిన ప్రశ్న.

మన పాఠానికి దీని ప్రాముఖ్యం ఇది. 6.5 లెక్కలో వెనక్కి పోయిన 5 పాళ్లు భూమికే దక్కలేదు. శోషణమైన 4 పాళ్లు మాత్రం వాతావరణంలోనే ఉన్నాయి, వేడిగా. అంటే మసి నేలను చల్లబరుస్తూనే పైగాలిని వేడెక్కిస్తుంది. కింద చల్లగా, పైన వెచ్చగా ఉంటే గాలి కలగడం మరింత తగ్గుతుంది, నేల దగ్గర పొగ మరింత చిక్కుకుంటుంది. చలికాలంలో ఈ వలయం వల్ల నష్టం అందరికంటే ముందు రోడ్డు పక్కన బండి పెట్టుకుని బతికేవారికి, ట్రాఫిక్ కానిస్టేబుళ్లకు, బస్టాపుల్లో నిలబడే పిల్లలకు.

6.8 దేశం మీద మసక

భారత వాతావరణ శాఖ సౌర వికిరణాన్ని 1950ల చివరి నుంచి కొలుస్తోంది. ఆ కొలతల్లో 12 కేంద్రాలవి, విశాఖపట్నం సహా, 1981 నుంచి 2004 దాకా తీసి చూసినప్పుడు నేలకు చేరే సౌరశక్తి సగటున ఏడాదికి చదరపు మీటరుకు 0.86 వాట్ల చొప్పున తగ్గినట్టు తేలింది. ఆ కాలం మొత్తానికి దాదాపు 20 వాట్లు. ఇందులో మబ్బుల మార్పుల పాత్ర కూడా ఉంది, అంతా కణాలకే కట్టకూడదు. అయినా దిశ స్పష్టం.

1999లో హిందూ మహాసముద్ర ప్రయోగంలో, అంటే ఇండోయెక్స్‌లో, పాల్గొన్న శాస్త్రజ్ఞులు చలికాలంలో దక్షిణాసియా నుంచి సముద్రం మీదికి గోధుమరంగు మసక పొర విస్తరించడం చూశారు. 1991 జూన్‌లో ఫిలిప్పీన్స్‌లోని పినటూబో పేలి కోటిన్నర టన్నులకు పైగా సల్ఫర్ డయాక్సైడ్‌ను స్ట్రాటోస్ఫియర్‌లోకి పంపినప్పుడు ప్రపంచ సగటు ఉష్ణోగ్రత దాదాపు అర డిగ్రీ సెల్సియస్ తగ్గింది. కణాలు భూమిని చల్లబరచగలవనడానికి అంతకంటే పెద్ద ప్రయోగం ఎవరూ చేయలేరు.

ఇక్కడ విద్యార్థులు తరచు అడిగే ప్రశ్న ఒకటుంది. కణాలు ఎండను తగ్గించి చల్లబరిస్తే మంచిదే కదా, గాలి శుభ్రమైతే భూతాపం పెరగదా? పెరుగుతుంది, కొంత. హరితగృహ వాయువులు కాక ఏరోసాళ్లు ప్రధానంగా ఉన్న మానవ కారణాలు 0 నుంచి 0.8 డిగ్రీల దాకా వేడిని కప్పిపుచ్చాయని అంతర్ప్రభుత్వ వాతావరణ బృందం 2021 నివేదిక చెప్పింది. కానీ కార్బన్ డయాక్సైడ్ శతాబ్దాలు నిలుస్తుంది, పొగ కణం వారం రోజులు. వారం రోజుల గొడుగును శతాబ్దాల ఎండకు పట్టి ఉంచాలంటే రోజూ కొత్త పొగ వేస్తూ ఉండాలి, ఆ పొగను రోజూ ఎవరో పీలుస్తూ ఉండాలి. ఈ బేరం నాకు సమ్మతం కాదు. పరీక్షలో ఈ ప్రశ్న వస్తే రెండు వైపులా రాయండి, ఆపైన మీ అభిప్రాయం రాయండి.

6.9 సౌర ఫలకాల సంగతి

పోచారంలోని ఇన్ఫోసిస్ ప్రాంగణంలో మెగావాట్ల స్థాయిలో సౌర ఫలకాలున్నాయి. చుట్టుపక్కల కాలనీల డాబాల మీద మూడేసి కిలోవాట్లవి వస్తున్నాయి. మామూలు బల్లపరుపు ఫలకం ప్రత్యక్ష కాంతినీ విసరిత కాంతినీ రెండింటినీ వాడుకుంటుంది. కాబట్టి మసక ఉన్న రోజున అది 39 శాతం కాక 9 శాతం దరిదాపుల్లోనే నష్టపోతుంది. అద్దాలతో కాంతిని ఒకచోటికి కూడగట్టే సౌర కేంద్రాలకు ప్రత్యక్ష కాంతే కావాలి, కనుక వాటికి మసక పెద్ద దెబ్బ. మూడు కిలోవాట్ల ఫలకాలు మంచి ఎండలో రోజుకు సుమారు 12 యూనిట్లు ఇస్తాయనుకుంటే 9 శాతం అంటే రోజుకు ఒక యూనిట్ పైన.

6.4లో మనం వదిలేసిన రోడ్డు దుమ్ము ఇక్కడ తిరిగి వస్తుంది. గాలిలో ఉండగా కాంతికి పెద్దగా అడ్డు కాని ఆ పెద్ద రేణువులు త్వరగా కింద పడతాయి కదా. పడేది ఫలకం మీదే. ఆకాశం తేటగా ఉన్నా అద్దం మీద పొర పేరుకుంటే ఉత్పత్తి తగ్గుతుంది. తవ్విన రోడ్డు పక్క ఇళ్లకు ఈ నష్టం మసక నష్టం కంటే ఎక్కువ కూడా కావచ్చు. తేడా ఏమిటంటే దీన్ని ఇంటివారే సరిచేసుకోవచ్చు. ఎండ లేని పొద్దున నీళ్లు, మెత్తటి గుడ్డ చాలు. మిట్టమధ్యాహ్నం కాలిన అద్దం మీద చల్లటి నీళ్లు పోయకూడదు.

6.10 ప్రయోగం: మీ డాబా మీద విసరిత కాంతి కొలత

కావలసినవి: కాంతిని లక్స్‌లలో చూపే యాప్ ఉన్న ఫోను, పల్చటి తెల్ల కాగితం, 6 సెంటీమీటర్ల వ్యాసం గల సీసా మూత, దాన్ని బిగించడానికి సన్నని పుల్ల, మీటరు కర్ర.

ఫోను ముందు భాగంలో ఉండే కాంతి సెన్సరు మీద తెల్ల కాగితాన్ని రెండు మడతలు వేసి అంటించండి. నేరు ఎండలో చాలా ఫోన్ల సెన్సర్లు గరిష్ఠ అంకె దగ్గర ఆగిపోతాయి. కాగితం ఆ ఇబ్బందిని తప్పిస్తుంది. ఇప్పుడు అంకెలు నిజమైన లక్స్‌లు కావు, కానీ మనకు కావలసింది నిష్పత్తి మాత్రమే. మబ్బు లేని రోజున ఫోనును డాబా మధ్యలో బల్లపరుపుగా పెట్టి అంకె రాసుకోండి. తరువాత పుల్లకు బిగించిన మూతను సెన్సరుకు 60 సెంటీమీటర్ల దూరంలో, దాని నీడ సరిగ్గా సెన్సరు మీద పడేలా పట్టుకుని మళ్లీ రాసుకోండి. మొదటిది మొత్తం కాంతి. రెండోది విసరిత కాంతి. మీరు వంగి చూస్తే మీ తల కూడా ఆకాశంలో కొంత భాగాన్ని కప్పుతుంది, కాబట్టి పక్కకు ఒదిగి చూడండి.

ఉదాహరణకు మొదటి అంకె 9,000, రెండోది 2,700 వచ్చాయనుకోండి. విసరిత భాగం 30 శాతం. తేటగా కడిగిన ఆకాశం ఉన్న మధ్యాహ్నం ఇది ఐదో వంతుకు లోపే ఉంటుంది. మసక పెరిగిన కొద్దీ పెరుగుతుంది. కొలిచిన ప్రతిసారీ కర్ర నీడ పొడవు కూడా రాసుకోండి, ఎందుకంటే వాయు పరిమాణం వేరైన రెండు కొలతలను నేరుగా పోల్చడానికి వీల్లేదు. నీడ పొడవు సమానంగా ఉన్న వేళల్లోనే రోజుకొకసారి చొప్పున రెండు వారాలు కొలిచి, అదే రోజు నాచారం కేంద్రం (లేదా మీకు దగ్గరి కేంద్రం) చూపిన పీఎం 2.5 అంకెను పక్కన రాయండి. రెండు వరుసలూ ఏ రోజుల్లో కలిసి నడిచాయో, ఏ రోజుల్లో విడిపోయాయో గుర్తించి, విడిపోయిన రోజులకు 6.6 ఆధారంగా కారణం ఊహించి పది వాక్యాల్లో రాయండి. సంపర్క తరగతికి ఆ కాగితం తీసుకురండి.